కాలువలకి నీళ్ళెప్పుడు వదులుతారు?

మా అక్క కూతురు చైనా వెళ్ళి అప్పటికి మూడు వారాలైంది. ఇంట్లో అందరం బుజ్జి అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను. ఆ ఆదివారం సాయంత్రం వీడియో కాల్ కలిసింది. ఫోన్‌ని మంచం మీద దిండుకి ఆనించి అందరం చుట్టూ చేరాం. "తిన్నావా తల్లీ?" అంది అమ్మ. "ఏంటే అంత సన్నబడిపోయావు?" అంది అక్క. ఫీజు రసీదు జాగ్రత్తగా పెట్టుకుందో లేదో బావగారు అడిగారు. రూమ్మేట్ ఎలాంటి పిల్ల అని నేను అడిగాను. అందరివీ అయ్యాక, అప్పటిదాకా వెనక కుర్చీలో కూర్చున్న నాన్న ముందుకి వంగి, "అమ్మాయ్, అక్కడ కాలువలకి నీళ్ళెప్పుడు వదులుతారు?" అన్నాడు.

అవతల చప్పుడు లేదు. నెట్ పోయిందేమో అనుకున్నాం. కాసేపటికి, "తెలీదు తాతయ్యా, కనుక్కుని చెప్తాను" అంది.

మా నాన్న లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. గోదావరి డెల్టా బయటివాళ్ళకి ఈ మాట తెలియకపోవచ్చు. కాలువ గట్టు వెంట సైకిల్ మీద తిరుగుతూ, ఎక్కడ గండి పడేలా ఉందో, ఏ తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడిందో, ఎవరు రాత్రికి రాత్రి షట్టరు లేపారో చూసుకునే ఉద్యోగం. సార్వాకి, అంటే ఖరీఫ్ వరికి నీళ్ళు, దాళ్వాకి, అంటే రబీ వరికి నీళ్ళు, వంతులు, కట్టివేతలు. ముప్పై ఏళ్ళకి పైగా అదే లోకం. కాబట్టి ఆయన ఆ ప్రశ్న అడగడం మాకెవరికీ వింతగా అనిపించలేదు. అక్క మాత్రం ఫోన్ పెట్టేశాక, "పిల్ల ఎలా ఉందో అడక్కుండా ఆ కాలువల గొడవేంటి నాన్నా!" అని విసుక్కుంది. నేనూ అక్క వైపే ఉన్నాను.

ఆ ఏడాది పొడుగునా జరిగినవి చూశాక నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. పిల్లలు దూరదేశం వెళ్ళినప్పుడు వాళ్ళని పట్టించుకోవడమంటే ముందు వాళ్ళున్న ఊరిని పట్టించుకోవడమే అని ఇవాళ గట్టిగా నమ్ముతున్నాను. ఆ రోజు మంచం చుట్టూ కూర్చున్న వాళ్ళలో బుజ్జి గురించి సరైన ప్రశ్న వేసింది నాన్న ఒక్కడే. ఎందుకంటున్నానో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పుకురావాలి.

బుజ్జి హైదరాబాదులో డిగ్రీ చదువుతూ పక్కన చైనీస్ నేర్చుకుంది. 2023 సెప్టెంబరులో ఒక ఏడాది భాషా కోర్సుకి సిచువాన్ రాష్ట్రంలోని చెంగ్డూ వెళ్ళింది. వెళ్తానన్నప్పుడు ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. కోవిడ్ భయం ఇంకా పూర్తిగా పోలేదు. అంతకన్నా పెద్దది సరిహద్దులో చైనా సైన్యంతో జరిగిన గల్వాన్ ఘర్షణ. 2020 జూన్ 15 రాత్రి అక్కడ చనిపోయిన 20 మంది మన సైనికుల్లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ఉన్నారు. ఆ వారమంతా తెలుగు ఇళ్ళలో జనం టీవీల ముందు ఏడ్చారు. బావగారు ఆ రోజులు మర్చిపోలేదు. "ఆ దేశమే దొరికిందా దీనికి?" అన్నారు. ఆ కోపం అన్యాయమని నేననను, ఆ బాధ నాకూ ఉంది. కానీ సరిహద్దు అవతల ఎవరుంటారో, ఎలా ఆలోచిస్తారో తెలిసినవాళ్ళు మనకి నలుగురు ఉండాలనీ నాకుంది. వాళ్ళ భాష చదవగలిగినవాళ్ళు మన దగ్గర చాలా తక్కువ. చివరికి తాతయ్య "వెళ్ళనివ్వండి" అన్నాక ఆ గొడవ ముగిసింది.

అప్పటికి నేరుగా విమానాలు లేవు. 2020లో ఆగిపోయినవి మళ్ళీ మొదలైంది 2025 అక్టోబరులోనే. బ్యాంకాక్ మీదుగా వెళ్ళింది.

తర్వాత మాట్లాడుకోవడం ఎలా అన్న సమస్య. చైనాలో మన వాట్సాప్ నడవదు. ఫేస్‌బుక్, యూట్యూబ్ 2009 నుంచే లేవు. గూగుల్ లేదు, ఇన్‌స్టాగ్రామ్ లేదు. అక్కడ జనమంతా వాడేది వీచాట్. కబుర్లకీ అదే, కూరగాయల కొట్లో డబ్బులివ్వడానికీ అదే. ఆ వీచాట్‌ని మన ప్రభుత్వం 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా నిషేధించిన 59 యాప్‌లలో చేర్చింది. అలా అక్కడొక గోడ, ఇక్కడొక గోడ. ఆ గోడ దాటించే వీపీఎన్ పెట్టుకునేవాళ్ళు ఉంటారు గానీ, పరాయి దేశంలో చట్టంతో చిక్కు తెచ్చుకోవద్దని బావగారు ముందే గట్టిగా చెప్పి పంపారు. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే వాట్సాప్ పనిచేస్తుంది. ఆ ప్యాకేమో ఖరీదు. అందుకని మామూలుగా ఆదివారం సాయంత్రమే రోమింగ్ ఆన్ చేస్తుంది, వారం మధ్యలో యూనివర్సిటీ వాళ్ళిచ్చిన ఈమెయిల్ నుంచి ఒక ఉత్తరం రాస్తుంది. అదీ ఏర్పాటు.

వారానికొక్కసారి అన్నది మాకు చాలలేదు. నిజం చెప్పాలంటే ఎంతైనా చాలేది కాదు.

వెళ్ళిన మర్నాడే జరిగింది మొదటి సంఘటన. "పోలీస్ స్టేషన్‌కి వచ్చాం, తర్వాత మాట్లాడతా" అని ఒక్క మెసేజ్ వచ్చింది. తర్వాత రోమింగ్ ఆపేసింది. మూడు గంటల పాటు ఇల్లు ఇల్లులా లేదు. అక్క దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. నేను ఆ నంబరుకి ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. తీరా చూస్తే, బయటి దేశం నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ 24 గంటల్లోపు ఉంటున్న చోటు పోలీసుల దగ్గర నమోదు చేసుకోవాలట, హోటల్లో దిగితే ఆ పని హోటలు వాళ్ళే చేసేస్తారట. అది ఆ దేశానికి వెళ్ళే ఎవరికైనా వర్తించే మామూలు నియమం. వెళ్ళేముందు పది నిమిషాలు కూర్చుని చదివుంటే మాకు ఆ మూడు గంటలు ఉండేవి కావు. దాని సూట్‌కేస్ బరువు నాలుగుసార్లు తూచాం. వెళ్ళే ఊరి గురించి మాత్రం ఒక్క పేజీ చదవలేదు.

నవంబరులో ఉత్తర చైనాలో పిల్లలకి న్యుమోనియా కేసులు పెరిగాయని, వివరాలివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చైనాని అడిగిందని వార్త వచ్చింది. మన టీవీల్లో అది "మళ్ళీ వైరస్" అయింది. బుజ్జి ఉన్నది నైరుతిలో. డిసెంబరు 18 అర్ధరాత్రి గాన్సు రాష్ట్రంలో భూకంపం వచ్చి వందమందికి పైగా చనిపోయారు. తెల్లారేసరికి మా బంధువుల గ్రూపులో కూలిన ఇళ్ళ వీడియోలు, "బుజ్జి ఎలా ఉంది?" అని నలభై మెసేజ్‌లు. ఆ చోటుకీ చెంగ్డూకీ మధ్య హైదరాబాదుకీ బెంగళూరుకీ మధ్య ఉన్నంత దూరం, ఇంకాస్త ఎక్కువే. ఆ ఇళ్ళు కూలిపోయిన వాళ్ళ గురించి మా గ్రూపులో ఎవరూ ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. గడ్డకట్టే చలిలో అర్ధరాత్రి రోడ్డున పడ్డ మనుషులు వాళ్ళు. ఆ వారం బుజ్జి ఉత్తరంలో, వాళ్ళ క్లాసులో గాన్సు నుంచి వచ్చిన టీచరు ఒకామె ఉన్నారనీ, ఆవిడ పాఠం మధ్యలో ఆగిపోయి కిటికీ వైపు తిరిగి నిలబడ్డారనీ, క్లాసంతా లేచి నిలబడిందనీ రాసింది. అది చదివాక నాకు సిగ్గేసింది.

ఇక ఆ ఉత్తరాల గురించి. అవి మొదట తాతయ్య ప్రశ్నకి జవాబులుగా మొదలయ్యాయి.

నాన్నకి ఫోన్లో చదవడం కష్టం. అందుకని బుజ్జి ఉత్తరాన్ని నేను జిరాక్స్ షాపులో పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించి ఊరు తీసుకెళ్ళేదాన్ని. కాలువలకి నీళ్ళ సంగతి కనుక్కోవడానికని అది చెంగ్డూ నుంచి రైల్లో అరగంట ప్రయాణం చేసి దుజియాంగ్‌యాన్ అనే ఊరు వెళ్ళింది. తాతయ్య అడక్కపోతే ఎప్పటికి వెళ్ళేదో, అసలు వెళ్ళేదో లేదో. క్లాసులో మిగతా దేశాల పిల్లలు పాండాలని చూడ్డానికి వెళ్ళిన ఆదివారం ఇది కాలువలు చూడ్డానికి వెళ్ళింది.

అక్కడ ఉన్నది మామూలు కాలువ కాదు. క్రీస్తుకి పూర్వం 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మొదలుపెట్టించిన పని. మిన్ నది కొండల్లోంచి దూకుతూ మైదానంలోకి వచ్చే చోట, నదికి అడ్డంగా ఆనకట్ట కట్టకుండా, నది మధ్యలో చేప మూతిలాంటి గట్టు కట్టి పాయని రెండుగా చీల్చారు. లోపలి పాయ పొలాలకి, బయటి పాయ వరదకి. లోపలి పాయని కొండ తొలిచి చేసిన ఇరుకు దారిలోంచి మైదానానికి మళ్ళించారు. అప్పటికి మందుగుండు లేదు. రాయిని మంటపెట్టి కాల్చి, మీద చన్నీళ్ళు పోసి పగలగొట్టారని చెప్పుకుంటారు. వరదొస్తే ఎక్కువైన నీళ్ళూ ఇసుకా పొర్లి బయటి పాయలోకి పోవడానికి మధ్యలో పల్లపు కట్ట ఒకటి. రెండు వేల రెండు వందల ఏళ్ళు దాటినా ఇవాళ్టికీ ఆ నీళ్ళే 16 లక్షల ఎకరాలకి పైగా తడుపుతున్నాయి. మన ధవళేశ్వరం కింద గోదావరి డెల్టా అంతా కలిపి 10 లక్షల ఎకరాలు. కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో.

ఇదంతా నేను చదువుతుంటే నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "పూడిక?" అన్నాడు. "కొండ నది కదా, ఇసుక మేట వేసి చస్తుంది. పూడిక ఎలా తీస్తారంటా?"

నేను ఆ ప్రశ్న పంపాను. వారం తర్వాత జవాబొచ్చింది. ఏటా చలికాలంలో నీళ్ళు కట్టేసి పూడిక తీసేవాళ్ళట. మూడు దుంగలు ముక్కాలిపీటలా కట్టి, వరసగా నదిలో నిలబెట్టి, వెదురు చాపలూ మట్టీ వేసి పాయని తాత్కాలికంగా మూసేవాళ్ళు. వెదురు బుట్టల్లో గులకరాళ్ళు నింపి గట్లు కట్టేవాళ్ళు. ఎంత లోతు తీయాలో తెలియడానికి నది అడుగున ఇనుప దిమ్మెలు పాతిపెట్టి ఉంచారట. ఇసుక తవ్వుకుంటూ వెళ్తే ఆ ఇనుము తగలాలి. తగిలిందా, ఆ ఏటికి పని అయినట్టు. తగల్లేదా, ఇంకా తవ్వాలి. గుడి గోడ మీద ఆరు అక్షరాలు చెక్కి ఉన్నాయని కూడా రాసింది. ఇసుక లోతుగా తియ్యి, కట్ట ఎత్తు తగ్గించు అని వాటి అర్థం.

నాన్న ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఇనుప దిమ్మెల సంగతి రాసిన చోట వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాడు. పూడిక తీయకుండానే తీసినట్టు లెక్కలు రాయడం ఆయన సర్వీసులో చాలా చూశాడు. ఒకసారి ఎదురు మాట్లాడినందుకు దూరం ఊరు బదిలీ అయ్యాడు కూడా. నేనప్పుడు ఆరో తరగతి. "అడుగున ఇనుము ఉంటే అబద్ధం రాయడానికి లేదు" అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా ఆ మాటే మళ్ళీ అన్నాడు. మూడు వేల కిలోమీటర్ల అవతల ఎవరో రెండు వేల ఏళ్ళ కిందట ఆలోచించిన సంగతి మా నాన్నకి ఒక పాత గాయం మీద మందులా తగిలింది.

ఇది చూసి అమ్మ కూడా ఊరుకోలేదు. వాళ్ళు ఊరగాయలు పెడతారా అని అడగమంది. బుజ్జి హాస్టల్ దగ్గర నూడుల్స్ కొట్టు నడిపే ముసలావిడ దగ్గర జాడీ చూసి వివరంగా రాసింది. మట్టి జాడీ. మూతి చుట్టూ పళ్ళెంలా గాడి ఉంటుంది. జాడీలో ఉప్పు నీళ్ళు, ముల్లంగి, లేత అల్లం, మిరపకాయలు వేసి, మూత బోర్లించి, ఆ గాడిలో నీళ్ళు పోస్తారు. లోపలి గాలి బుడగలుగా బయటికొస్తుంది, బయటి గాలి లోపలికి పోదు. గాడిలో నీళ్ళు ఇంకిపోకుండా చూసుకోవడమే రోజూ పని. ముక్కలు అయిపోయినా ఆ ఊట పారబోయరు, కొత్త ముక్కలు అందులోనే వేస్తారు. ఆవిడ దగ్గరున్న ఊట వాళ్ళ అమ్మ ఇచ్చిందట. "పెరుగు తోడు లాగన్నమాట" అంది అమ్మ. అప్పటిదాకా అమ్మ దృష్టిలో చైనా అంటే పాములూ కప్పలూ తినే దేశం. ఆ జాడీ సంగతి విన్న రోజు నుంచి ఆ ముసలావిడ ఆరోగ్యం కూడా అడగడం మొదలుపెట్టింది.

ఆ ముసలావిడ బుజ్జిని చూడగానే మొదట అనే మాట "చి-ల-మ". తిన్నావా అని. మా అమ్మ అడిగేదీ అదే. కాబట్టి "తిన్నావా" అన్న ప్రశ్నని నేను తక్కువ చేయడం లేదు. రెండు దేశాల ముసలమ్మలూ దాంతోనే మాట మొదలుపెడతారు. ఏం తిన్నావు, ఎవరు వండారు, అది ఎలా చేస్తారు అన్న రెండో ప్రశ్న వేసినప్పుడే అవతలి మనిషికి చెప్పుకోవడానికి ఏదైనా దొరుకుతుంది. మనం చాలాసార్లు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. "తిన్నాను" అంటుంది పిల్ల. అయిపోయింది.

ఇంకో ముచ్చట. అమ్మ చెల్లెలికి ఒక మాట, నాన్న చెల్లెలికి ఇంకో మాట, మేనమామకి వేరే మాట చైనీస్‌లోనూ ఉన్నాయట, ఇంగ్లీషులోలా అందరినీ ఒక్క గాటన కట్టరు. నన్ను ఆ ముసలావిడకి "శ్యావ్ యీ" అని పరిచయం చేసిందట. పిన్ని అన్నమాట.

స్నేహితుల దగ్గరా ఇదే తేడా చూశాను. దాని హైదరాబాదు క్లాస్‌మేట్లలో ఎక్కువమందికి కావలసినవి రీల్స్. ఎత్తయిన బిల్డింగులు, స్పీడు రైళ్ళు, పాండాలు. అవి రాకపోయేసరికి నెల తిరక్కుండానే పలకరింపులు తగ్గిపోయాయి. ఒక్క అమ్మాయి మాత్రం బుజ్జి పంపిన ఫొటోల్లో దుకాణాల బోర్డులు చదవడానికని కూర్చుని అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. పైన గడ్డి, మధ్యలో మనిషి, కింద చెట్టులా కనిపించేది టీ అన్న అక్షరమని నాకు చూపించింది ఆ పిల్లే. ఇప్పటికీ వాళ్ళిద్దరిదీ గాఢమైన స్నేహం.

ఇప్పుడు నా మనసు మార్చిన అసలు సంగతికొస్తాను.

2024 సంక్రాంతి. గ్రూపులో ముగ్గుల ఫొటోలు, గంగిరెద్దులు, పిండివంటలు. బుజ్జి ఫొటో ఏదని అందరూ మొదలుపెట్టారు. "పండగ పూట మొహం చూపించవా?" "మమ్మల్ని మర్చిపోయావా?" నేను కూడా ఒకటి పెట్టాను. మధ్యాహ్నానికి ఫొటో వచ్చింది. నీలం చుడీదార్ వేసుకుని, నవ్వుతూ, పసుపుపచ్చగా పండిన ఆకుల చెట్టు కింద ఎండలో నిలబడి ఉంది. అందరూ హార్టులు పెట్టారు. అక్క ఆ ఫొటోని డీపీగా పెట్టుకుంది.

నాకు మాత్రం ఏదో తేడాగా తోచింది. ఎక్కడో తెలియలేదు. అన్నం తిని, ప్లేటు కడుగుతుండగా తట్టింది. ఆ చెట్టు గింకో. విసనకర్రలాంటి ఆకులు. ఆ నగరం అంతా అవే చెట్లనీ, నవంబరు ఆఖరుకి రోడ్లన్నీ బంగారం రంగు అవుతాయనీ బుజ్జి రాసింది. డిసెంబరు మూడో వారం ఉత్తరంలో, ఆకులన్నీ రాలిపోయి కొమ్మలు మిగిలాయనీ, వారం రోజులుగా ఎండే లేదనీ రాసింది. అక్కడ ఎంత మబ్బంటే, ఎప్పుడైనా సూర్యుడు కనిపిస్తే కుక్కలు మొరుగుతాయని ఆ ప్రాంతానికి పాత సామెత ఉందట. జనవరి 15న ఆ చెట్టుకి ఆకులెక్కడివి? ఎండెక్కడిది?

రోమింగ్ కాల్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారి ఎత్తింది. "ఆ చెట్టు ఆకులు రాలిపోయాయని నువ్వే రాశావు కదే" అన్నాను. అటు నుంచి ఏడుపు.

నాలుగు రోజులుగా జ్వరం. సెమిస్టర్ అయిపోయి హాస్టల్ ఖాళీ అయింది. వాళ్ళ కొత్త సంవత్సరం ఫిబ్రవరి 10న, అందరూ ఊళ్ళకి వెళ్ళిపోయారు. గదిలో ఒక్కతే. చెబితే అమ్మ టెన్షన్ పడుతుంది, నాన్న వెంటనే వచ్చెయ్ అంటారు, గ్రూపంతా గోల అవుతుంది అని పాత ఫొటో పెట్టేసింది. అది మొదటిసారి కూడా కాదట. అంతకుముందు పరీక్ష పోయినప్పుడు ఒకటి, ఇంటి మీద బెంగతో మూడు రోజులు గది దాటనప్పుడు ఒకటి. నవ్వుతున్న ఫొటోలు ఒక పదిహేను ముందే తీసి పెట్టుకుంది. మేం అడిగినప్పుడల్లా ఒకటి.

మేమెవ్వరం దాన్ని తిట్టింది లేదు. ప్రేమతోనే అడిగాం. కానీ మా ప్రేమకి కావలసింది నవ్వుతున్న మొహం ఒక్కటే అని దానికి అర్థమైంది, అది ఇచ్చింది. "బాగున్నావా" అని మేం అడిగేకొద్దీ, బాగా లేనని చెప్పే వీలు దానికి తగ్గిపోతూ వచ్చింది. నాకు నిజం తెలిసిందంటే దాని మొహం చూసి కాదు. చెట్టుని చూసి తెలిసింది. ఆ చెట్టు నాకు తెలియడానికి కారణం నాన్న కోసం చదివిన ఉత్తరాలు.

ఆ రోజు ఏం చేయాలో కూడా ఆ ఉత్తరాలే చెప్పాయి. ఇక్కణ్ణించి నేనేం చేయగలను? నూడుల్స్ కొట్టు ముసలావిడ దగ్గరికి వెళ్ళమన్నాను. ఆవిడ ఆ ఊరిదే కదా, ఎక్కడికీ వెళ్ళి ఉండదు. పలచగా బియ్యం గంజి కాచి, ఆ జాడీలోని ముల్లంగి ముక్క నంజుకోమని ఇచ్చిందట. మనవడిని తోడిచ్చి ఆస్పత్రికి పంపింది. మామూలు జ్వరమే. మూడు రోజుల్లో తగ్గింది.

అక్కకి ఈ సంగతి తగ్గాకే చెప్పాను. కోప్పడింది. "నువ్వు పిన్నివి, నువ్వు ఉత్తరాలు చదువుకుంటూ కూర్చోగలవు. తల్లికి లోకేషన్ కావాలి, మొహం కావాలి, గొంతు కావాలి. నీకు అర్థం కాదు" అంది. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. తల్లి భయం వాదనలకి లొంగేది కాదు. లోకేషన్ షేర్ చేయమనడం తప్పని కూడా నేననను, పరాయి దేశంలో ఆడపిల్ల ఎక్కడుందో ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి. కానీ మ్యాపులో ఆ నీలం చుక్క హాస్టల్లో ఉందని ఆ రోజుల్లో అక్క చూస్తూనే ఉంది. పిల్ల క్షేమంగా గదిలో ఉందనుకుంది. ఆ గదిలోనే అది నూట రెండు జ్వరంతో పడి ఉంది. ఈ మాట అక్కతో అనలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను. చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ గురించి మనం స్కూల్లో చదువుకున్నాం. ఆయన పూర్తి భిక్షువుగా దీక్ష తీసుకున్నది 622లో, ఈ చెంగ్డూలోనే. ఈ సంగతి బుజ్జి రాసేదాకా నాకు తెలియదు. అక్కణ్ణించి బయల్దేరిన ఆ కుర్రవాడే తర్వాత ఇండియా వచ్చి, మన ధాన్యకటకం దాకా, అంటే అమరావతి దాకా నడిచి, అక్కడ కొన్ని నెలలుండి ఇద్దరు భిక్షువుల దగ్గర చదువుకున్నాడు. 645లో తిరిగి చైనా చేరాడు. చేరిన ఏడేళ్ళకి బుద్ధగయ మహాబోధి విహారం నుంచి ప్రజ్ఞాదేవుడనే భిక్షువు ఆయనకి ఉత్తరం పంపాడు. కన్యాకుబ్జ (ఇప్పటి కనౌజ్) సభలో ఇద్దరూ గట్టిగా వాదించుకున్నవాళ్ళే. ఉత్తరంతో పాటు ఒక జత తెల్లని బట్టలు పంపుతూ, దూరం కదా, తక్కువని అనుకోవద్దు అన్నాడు. నీకు ఏ గ్రంథాలు కావాలో పేర్లు రాసి పంపు, నకళ్ళు రాయించి పంపుతాం అన్నాడు. హ్యూయెన్‌త్సాంగ్ 654లో నాలంద మిత్రుడికి రాసిన జవాబులో, సింధు నది దాటుతుంటే నీళ్ళపాలైన పుస్తకాల పేర్లు జాబితా కట్టి పంపాడు. ఉత్తరం చేరడానికే ఏళ్ళు పట్టే కాలం. ఆ స్నేహితుడి బతుకులో ఏ పని నడుస్తోందో ప్రజ్ఞాదేవుడికి తెలుసు, కాబట్టి ఏం అడగాలో తెలిసింది. మా బంధువుల గ్రూపులో ఏడాది మొత్తం మీద వేల మెసేజ్‌లు వచ్చుంటాయి. "నీ పనికి ఏం కావాలి?" అని అందులో ఒక్కటి కూడా లేదు.

జ్వరం తర్వాత మేం కొన్ని మార్చుకున్నాం. ఫొటో అడగడం మానేశాం. ఆదివారం కాల్ తాతయ్యతో మొదలవుతుంది, తర్వాతే మిగతావాళ్ళం. బావగారు మూడు నెలలు బెట్టు చేసి, ఒకరోజు గల్వాన్ గురించి అక్కడి పిల్లలకి ఏం తెలుసని అడిగారు. చాలామందికి ఏమీ తెలియదని, తనకి తెలిసిన ఒకమ్మాయి బాబాయి సైన్యంలో ఉన్నాడని, వాళ్ళింట్లో కూడా ఆ మాటెత్తితే అన్నం మానేస్తారని బుజ్జి చెప్పింది. బావగారు ఏమీ అనలేదు. ఫోన్ చేతిలోనే పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

ఇక నాన్న అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు ఏప్రిల్‌లో వచ్చింది. దుజియాంగ్‌యాన్‌లో నీళ్ళు వదిలేది ఛింగ్‌మింగ్ పండగకి. పెద్దల సమాధులు శుభ్రం చేసుకునే పండగ అది, ఆ ఏడు ఏప్రిల్ 4న వచ్చింది. ఇప్పుడు షట్టర్లు వచ్చేశాయి గానీ, పాత పద్ధతిని ఏటా ఉత్సవంగా చేసి చూపిస్తారు. మూడు దుంగల ముక్కాలిపీటలకి కట్టిన తాళ్ళు నరుకుతారు. కట్ట కూలి నీళ్ళు ఒక్కసారి దూకుతాయి. పూర్వం కుర్రవాళ్ళు ఆ మొదటి నీళ్ళ వెంట గట్టు మీద పరిగెత్తేవాళ్ళట, పెద్దవాళ్ళు ఆ నీళ్ళు ముంచి ఇంటికి పట్టుకెళ్ళి దేవుడి ముందు పెట్టేవాళ్ళట. మన దగ్గర లాకుల వద్ద నీళ్ళు వదిలే రోజు పసుపూ కుంకుమా వేసి కొబ్బరికాయ కొట్టడం నాన్న ఎన్నిసార్లు చూశాడో.

వీడియో పంపుతానంది బుజ్జి. నాన్నకి చూపు సరిగా ఆనదు కదా, చప్పుడు రికార్డు చేసి పంపమన్నాను. నలభై సెకన్ల ఆడియో వచ్చింది. అది పట్టుకుని ఊరు వెళ్ళేసరికి మా కాలువలు కట్టేసి వారమైంది. నాన్న గట్టు మీద రావిచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కాలువ అడుగున పగుళ్ళిచ్చిన బురద, ఎండిన గుర్రపుడెక్క. ఫోన్ చెవి దగ్గర పెట్టాను. ముందు జనం కేకలు, ఏదో వాద్యం, తర్వాత నీళ్ళ హోరు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. అయిపోయాక మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి విని కళ్ళు తెరిచాడు.

"వడి బాగుంది" అన్నాడు. "పూడిక సరిగ్గా తీశారు."